సోమలత లభింపనప్పుడు: ఐ.పి. పెట్టుట ధర్మమా, అధర్మమా?

మంగళవారము నాడు గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాలలోని నరసింహాలయములకు వచ్చు భక్తులలో అనేకులు కోరునది ఋణవిమోచనము. మిరపకల్లములు ఎర్రగా పరచుకొని, టిక్కీలు గుంటూరు యార్డునకు తరలు మాఘ ఫాల్గుణములలో ఈ కోరిక మరింత హెచ్చును. గోత్రనామములు చెప్పించుకొని, ఋణవిమోచన నృసింహస్తోత్రము పారాయణ చేయించుకొని, తీర్థము పుచ్చుకొనిన పిదప కొందరు వెంటనే వెళ్ళరు. జనము పలుచబడువరకు ధ్వజస్తంభము చెంత నిలిచి, అర్చకుని సమీపించి మెల్లగా అడుగుదురు: "పంతులుగారూ, ఐ.పి. పెడితే పాపం తగులుద్దాండీ?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. దీనికి తొందరపడి "పాపమే" అన్నవాడు ఒక ప్రాణమునకు ముప్పు తేవచ్చును. తొందరపడి "పాపము లేదు" అన్నవాడు పది కుటుంబముల కష్టార్జితమును నీటిపాలు చేయవచ్చును. కావున శాస్త్రమును, చట్టమును, ఈ నేల స్వభావమును కలిపి విచారించి గాని సమాధానము చెప్పరాదు.

ఐ.పి. అనగా ఇన్సాల్వెన్సీ పిటిషను. అప్పులు తీర్చజాలనని ఋణగ్రస్తుడు న్యాయస్థానమునకు చేసికొను విన్నపమిది. దివాలా అను మాట నిఘంటువులలో నున్నను, ఈ ప్రాంతమున జనుల నోట నలుగునది ఐ.పి. అను రెండక్షరములే. "వాడు ఐ.పి. పెట్టాడు" అన్నమాట ఇచ్చట దాదాపు తిట్టుతో సమానము. దానికి కారణము లేకపోలేదు. చిట్టీలు కట్టించుకొనినవాడు, రైతుల సరుకు అరువుకు కొనినవాడు, ఊరంతటి సొమ్మును వడ్డీకి పోగుచేసినవాడు ఒక రాత్రి తలుపునకు తాళము వేసి పోవుట, కొన్నాళ్ళకు అందరికిని న్యాయస్థానము నుండి నోటీసులు వచ్చుట, విచారించి చూడగా పొలము బావమరది పేరను, ఇల్లు భార్య పేరను అప్పటికే మారియుండుట అనునవి ఈ ప్రాంతీయులు పలుమారులు చూచినవే. భర్త చనిపోగా వచ్చిన సొమ్మును దాచుకొనిన వితంతువు, పిల్ల పెండ్లికని చిట్టీ కట్టిన కూలివాడు ఆ నోటీసులను చేతబట్టుకొని ఏడ్చిన ఇండ్లు ఊరూరను ఉన్నవి.

వంచకులు చేసిన ఈ పని వలన రెండు అనర్థములు కలిగినవి. ఒకటి, అప్పిచ్చినవారి నష్టము. అది అందరికిని తెలిసినదే. రెండవది అంతగా గమనింపబడనిది. వంచకుడు నడచిన త్రోవ గనుక సజ్జనుడు ఆ త్రోవను చూడనైన చూడడు. పురుగు తిని, ధర పడి, నిజముగా చితికిపోయిన రైతు "నేను కూడ వాడివంటివాడినేనా" అని సిగ్గుపడి, చట్టము తెరచియుంచిన ద్వారమును విడిచి, చేనికి కొనిన మందుడబ్బా వైపు చూచుచున్నాడు. మోసగాని అపకీర్తి నిర్దోషి ప్రాణమును హరించుచున్నది. ఈ వ్యాసమునకు ఇదియే ముఖ్యవిషయము.

ఈ రైతు చితికిపోవుటకు అతని దురలవాట్లే కారణమనుట అన్యాయము. 1987-88లో తెల్లదోమ ఈ ప్రాంతపు ప్రత్తిని నాశనము చేసినప్పుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతట వినవచ్చినవి. 2021-22లో నల్లతామర పురుగు మిరపపూతలో చేరి, కాయ కట్టనీయక తోటలకు తోటలను దున్నివేయించినది. పంట బాగుగా పండిన యేడు ధర లేదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర ఎంతగా పడినదనగా, కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయింపవలసి వచ్చినది. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబములలో నూటికి 93 ఋణగ్రస్తములు. కుటుంబమునకు సగటు అప్పు 2,45,554 రూపాయలు. రాష్ట్రములన్నిటిలోను ఇదియే అత్యధికము.

ఇక కౌలురైతు సంగతి వేరే చెప్పవలసినది. భూమి తనది కాదు గనుక బ్యాంకు అప్పు సులభముగా దొరకదు. 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టము ప్రకారము గుర్తింపుపత్రము పొందుటకు భూయజమాని సమ్మతి కావలెను. ఆ సమ్మతి ఇచ్చువారు అరుదు. కావున విత్తనము, ఎరువు, మందు, కౌలు అన్నియు ప్రైవేటు అప్పులతోనే నడుచును.

ఆ అప్పు పెరుగు తీరు కూడ తెలియవలెను. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చినవాడు మూడేండ్లలో కట్టలేకపోయినచో, నోటు కాలదోషము పట్టకుండ తిరగ వ్రాయింతురు. వడ్డీ 1,08,000 అసలులో కలిసి క్రొత్తనోటు 2,08,000 అగును. మరి మూడేండ్లకు అది 4,32,640 అగును. ఆరేండ్లలో లక్ష నాలుగు లక్షలు దాటినది. తెచ్చుకొనిన సొమ్ము మాత్రము లక్షయే.

ఇట్టి వృద్ధిని మన ధర్మశాస్త్రము అంగీకరింపలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రములో నూరు పణములకు నెలకు పణమున్నర కూడ కాదు, పణముంపాతికయే ధర్మ్యమైన వడ్డీ అనెను. ఆ లెక్కన పై ఆరేండ్లకు లక్షపై వడ్డీ 90,000 మాత్రమే. వర్తకమునకు, అడవులు సముద్రములు దాటు వ్యాపారమునకు అంతకంటె హెచ్చు వడ్డీలను అతడు చెప్పినను, అవి సాహసవ్యాపారమునకే గాని ఇంటి అవసరమునకు కాదు. మనువు ఒకేసారి తీర్చు అప్పుపై వడ్డీ అసలును మించి పోరాదని, అనగా మొత్తము రెట్టింపును దాటరాదని విధించెను. ఈ భావము 1938లో మదరాసు రాష్ట్రమున వచ్చిన వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టములో కూడ కనబడును. రైతు అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో ఆనాటి పాత అప్పు పూర్తిగా తీరినట్లే యని ఆ చట్టము పలికినది.

ఐనను, వడ్డీ అధర్మమైనంత మాత్రమున అప్పు లేకుండ పోదు. ఋణభావమును మన వేదము మిక్కిలి గంభీరముగా గ్రహించినది. పుట్టుకతోనే దేవ ఋషి పితృ ఋణములు కలవని తైత్తిరీయ శ్రుతి చెప్పుచున్నది. తైత్తిరీయారణ్యకము రెండవ ప్రపాఠకములోని కూష్మాండ మంత్రములలో ఒక విశేషమున్నది. జూదమాడకయే చేసిన ఋణమును, ఇచ్చు తలంపు లేకయే ఇచ్చెదనని జనులకు పలికిన పలుకును అవి పేర్కొనును. అనగా ఋణము ఏ విధముగా వచ్చినది, చేసినవాని మనస్సు ఏది అను విచారణ వేదకాలము నుండియు కలదు. యాజ్ఞవల్క్యుడును త్రాగుడు, కాముకత్వము, జూదము వలన తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్చనక్కరలేదనెను. అప్పులన్నియు ఒక్కటి కావు. అప్పు తీర్చలేనివారందరును ఒక్కటి కారు.

మరి తీర్చు శక్తి నిజముగా నశించినవాని గతి యేమి? ఇచ్చట మీమాంసాశాస్త్రము మార్గము చూపును. పూర్వమీమాంస ఆరవ అధ్యాయములో రెండు న్యాయములు గలవు. ఫలము కోరి చేయు కామ్యకర్మను సర్వాంగములతో చేయగలిగినప్పుడే చేయవలెను. విడువరాని నిత్యకర్మను మాత్రము శక్తి కొలది చేయవచ్చును. కొన్ని అంగములు లోపించినను ప్రధానమును విడువరాదు. ఇది మొదటిది. విధించిన ద్రవ్యము దొరకనప్పుడు ప్రతినిధిద్రవ్యముతో కర్మను నడుపవలెననునది రెండవది. సోమలత లభింపనిచోట పూతీకమును పిండి యాగము చేయుట దీనికి ప్రసిద్ధోదాహరణము.

ఋణము తీర్చుట గృహస్థునకు నిత్యకర్మ వంటిది. అసలు ప్రధానము, వడ్డీ అంగము. సర్వము తీర్చు శక్తి లేనివాడు ఉన్నదంతయు న్యాయస్థానము ముందుంచి, "ఇది నా సర్వస్వము, దీనిని అందరికిని పంచుడు" అనుట పూతీకముతో యాగము చేయుటయే. అది యాగమును ఎగవేయుట కాదు. కాని ఈ న్యాయమునకు ఒక నియమమున్నది. సోమము నిజముగా లభింపకున్ననే పూతీకము చెల్లును. సోమమును ఇంట దాచి, పూతీకమును తెచ్చినవాని యాగము యాగమే కాదు. పొలమును బావమరది పేరను మార్చి ఐ.పి. పెట్టినవాడు చేసినది సరిగా అదియే. కావున ఐ.పి. ధర్మమా అధర్మమా అను ప్రశ్నకు సమాధానము ఆ కాగితములో లేదు. దాచినది యేమైన ఉన్నదా, లేదా అనుదానిలో ఉన్నది.

ఆశ్చర్యమేమనగా, చట్టము అడుగునదియు ఇదే. 2016లో క్రొత్త దివాలా స్మృతి వచ్చినను, అందు సామాన్యవ్యక్తులకు సంబంధించిన భాగము కంపెనీలకు హామీ ఉన్నవారి విషయములో మాత్రమే 2019 డిసెంబరు నుండి అమలైనది. రైతునకు వర్తించునది ఇప్పటికిని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. దాని ప్రకారము పిటిషనులో అప్పులన్నిటిని, అప్పిచ్చిన ప్రతివాని పేరును, ఊరును, తనకున్న ఆస్తినంతటిని వ్రాయవలెను. పిటిషను పెట్టుటకు ముందు రెండేండ్లలోపల తగిన ప్రతిఫలము లేకుండ చేసిన బదిలీలను న్యాయస్థానము రద్దు చేయవచ్చును. పిటిషనుకు ముందు మూడు నెలలలో ఒకనికి మాత్రమే మేలు చేయదలచి చెల్లించిన సొమ్మును వెనుకకు రప్పింపవచ్చును. ఆస్తి దాచినవానికి కారాగారశిక్ష కలదు. ఋణవిమోచనపు ఉత్తర్వు ఇచ్చునప్పుడు, ఆస్తి విలువ అప్పులో రూపాయికి ఎనిమిదణాలకు తగ్గినచో, అది అతని తప్పు వలన కాదని తేలవలెను. జూదము, దుబారా, దుడుకు వ్యాపారము వలన చెడినవానికి విమోచనము సులభముగా దొరకదు. కూష్మాండ మంత్రములలోని విచక్షణ ఈ చట్టములో మరొక భాషలో కనబడుచున్నది.

దయ కూడ చట్టములో కలదు. దున్నుటకు వలసిన పనిముట్లు, పశువులు, విత్తనపు గింజలు, రైతు తాను నివసించు ఇల్లు, వంటపాత్రలు, కట్టుబట్టలు, మతాచారమును బట్టి స్త్రీ విడువరాని ఆభరణము, అనగా మంగళసూత్రము, జప్తునకు లోనుగావు. కౌటిల్యుడు పనికాలములో కర్షకుని అప్పుకై పట్టరాదనెను. యాజ్ఞవల్క్యుడు చితికిపోయిన బ్రాహ్మణునిచేత ఆదాయము వచ్చిన కొలది మెల్లమెల్లగా కట్టింపవలెననెను, ఇతరులచేత పని చేయింపవచ్చుననెను. ఆ దయ నాడు ఒక వర్ణమునకే పరిమితమగుట లోపమే. నేటి చట్టము దానిని అందరికిని విస్తరింపజేసినది. అప్పు తీర్చలేకపోవుట మాత్రమే నేరము కాదనియు, దురుద్దేశము లేనివానిని అప్పుకై చెరలో పెట్టరాదనియు 1980లో సుప్రీంకోర్టున న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యరు తీర్పు చెప్పెను. శాస్త్రాభిమానులు దీనిని చూచి సంతోషింపవలెను.

కొందరు హరిశ్చంద్రుని చూపుదురు. ఆలుబిడ్డలను అమ్మియైనను మాట నిలుపుకొనిన రాజు పుట్టిన దేశములో చేతులెత్తుట తగునా అందురు. ఆ కథను మార్కండేయపురాణములో శ్రద్ధతో చదివినవారికి వేరొక సంగతి తెలియును. దక్షిణ తీర్చజాలని హరిశ్చంద్రుడు ప్రాణత్యాగమును తలపోసి, ఇచ్చెదనన్నది ఇయ్యక చనిపోయినచో పాపము మరింత యగునని దానిని విడిచి, బ్రతికి దాస్యము చేయుటను వరించెను. కాశి నడివీథిలో నిలిచి తన స్థితిని పదుగురి యెదుట చెప్పుకొనెను. దేనిని దాచలేదు. తుదకు కుమారుని చితిలో ప్రవేశింపబోయినప్పుడు అడ్డుపడినవాడు సాక్షాత్తు ధర్ముడే. అప్పుకై మరణించుమని ఆ కథ చెప్పలేదు. దాచకుము, బ్రతికి తీర్చుము అని చెప్పినది. ఆలుబిడ్డలను అమ్ము కాలము పోయినది. ఆ రెండు బోధలు మాత్రము పోలేదు.

అప్పిచ్చినవాని పక్షము కూడ న్యాయమైనదే. అతడును పలుమారులు చిన్నవాడే. కాని అప్పులు మీరిపోయిన ఇంట ఐ.పి. లేనప్పుడు జరుగునది యేమి? గట్టిగా అరచినవానికి, ఇంటి ముందు కూర్చున్నవానికి, నలుగురిలో తిట్టినవానికి మొదట ముట్టును. నోరులేని వితంతువునకు ఏమియు మిగులదు. న్యాయస్థానము ద్వారా పంచినప్పుడు, తాకట్టు లేని అప్పుదారులకు వారి వారి అప్పు పాలును బట్టి సమముగా చేరును. కావున నిజాయితీతో పెట్టిన ఐ.పి. అప్పిచ్చినవారిలో బలహీనుని పక్షమున నిలుచును. మోసముతో పెట్టినది ఆ బలహీనునే మొదట దోచును.

ఐ.పి. సర్వరోగనివారిణి కాదు. పొలము తనఖా పెట్టినను, బంగారము కుదువబెట్టినను ఆ అప్పుదారుని హక్కు అట్లే ఉండును. జామీను ఉన్న మిత్రునికి విమోచనము రాదు. అప్పు అతని మెడకు చుట్టుకొనును. కావున పిటిషనుకు ముందు ఆ మిత్రునితో మాటాడుట ప్రథమకర్తవ్యము. విమోచనము పొందనివాడు తన స్థితి చెప్పకుండ యాభై రూపాయలకు మించి అరువు తీసికొనరాదు, శాసనసభకు పోటీ చేయరాదు. గడువులోపల విమోచనమునకు దరఖాస్తు చేయనిచో శ్రమయంతయు వ్యర్థమగును. ఒక్క పంట పోయి, పొలము, ఆరోగ్యము, ఓపిక ఉన్నవాడు దీనిని పెట్టరాదు. పెద్దమనుషుల యెదుట వడ్డీ తగ్గించుకొనుట, బ్యాంకులో వాయిదాలు మార్పించుకొనుట, లోక్ అదాలతులో రాజీపడుట అతనికి తగును. రెండు మూడు పంటల రాబడి మొత్తము పెట్టినను వడ్డీయైనను తీరనివాడు, అమ్ముటకు ఏమియు మిగులనివాడు, ఇంకొక అప్పు తెచ్చి పాత అప్పును తీర్చుచున్నవాడు ఆలసింపరాదు. క్రొత్త అప్పు తెచ్చు ప్రతిదినము మరియొక అమాయకుని నష్టములోనికి లాగుటయే. జిల్లా న్యాయసేవాధికార సంస్థ అర్హులైన పేదలకు ఉచితముగా న్యాయవాదిని ఇచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును.

విమోచనమైన పిదప చట్టము విడిచినను ధర్మము పూర్తిగా విడువదు. పూతీకము తెచ్చిన తరువాత కర్మ మధ్యలో సోమము లభించినచో సోమమునే గ్రహింపవలెనని మీమాంసకులు నిర్ణయించిరి. అటులే తరువాత మంచి పంట వచ్చినచో, నష్టపోయిన వితంతువునకు, కూలివానికి అసలులో మిగిలినదానిని కొంచెము కొంచెముగా ముట్టజెప్పవలెను. దీనిని ఏ న్యాయస్థానమును అడుగదు. అంతరాత్మ అడుగును.

ఇక మరణము మాట. అప్పు బాధతో పోయినవారిని నిందించుట మహాపాపము. వారి బాధను అనుభవింపనివారికి ఆ హక్కు లేదు. కాని బ్రతికియున్నవారు ఒకటి తెలియవలెను. మరణము అప్పును తీర్చదు, చిరునామాను మార్చును. పండ్రెండవనాటికే నోట్లు పట్టుకొని ఇల్లాలి ముందుకు వచ్చువారు కలరు. కుటుంబావసరమునకు కాని భర్త అప్పును భార్య తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పినను, 2005 సెప్టెంబరు తరువాతి అప్పులకు కొడుకుగా పుట్టినంత మాత్రమున తండ్రి అప్పు అతనిపై పడదని హిందూ వారసత్వ సవరణచట్టము చెప్పినను, వచ్చిన ఆస్తి మేరకు ఆ భారము ఉండనే ఉండును. పైగా, ఏడ్చుచున్న ఇల్లాలికి ఆనాడు ఆ చట్టము చదివి వినిపించువారు ఉండరు. మనస్సు చీకటియైన క్షణములో ఇంటివారితో గాని, 14416 టెలీమానస్ సంఖ్యకు గాని ఒక్కమాట చెప్పుకొనుట పిరికితనము కాదు.

ఊరివారికిని ఒక ధర్మమున్నది. ఐ.పి. పెట్టిన ప్రతివానిని దొంగ యనరాదు. అతడు దాచెనా, దాచలేదా అని విచారింపవలెను. దాచినవానిని ఆలయ కమిటీలలోను, కోటప్పకొండ ప్రభల ముందును పెద్దమనిషిగా నిలుపుట మానవలెను. దాచనివానిని పెండ్లిపేరంటములకు పూర్వమువలెనే పిలువవలెను. నేడు ఈ పల్లెలలో పలుచోట్ల జరుగుచున్నది దీనికి విపరీతము.

కావున ధ్వజస్తంభము చెంత అడిగిన ఆ ప్రశ్నకు అర్చకులు చెప్పవలసిన సమాధానము ఇది. ఋణవిమోచన స్తోత్రము చదువుము, నరసింహుడు ధైర్యము నిచ్చును. ఆ రాత్రి ఇంటివారిని కూర్చుండబెట్టుకొని ఒక కాగితముపై అప్పులన్నియు వ్రాయుము. చిన్నవారి పేర్లు మొదట వ్రాయుము. ఎవరి పేరును విడువకుము. రెండవ కాగితముపై ఉన్న ఆస్తినంతటిని వ్రాయుము. దేనిని దాచకుము. ఆ రెండు కాగితములను స్వామి పాదముల చెంత ఉంచి, సిగ్గు లేకుండ పైకి చదువగలిగినచో, అవే కాగితములను న్యాయమూర్తి ముందు ఉంచుటకు జంకనక్కరలేదు. చదువలేక ఏ పేరు దగ్గరనైనను నోరు ఆగినచో, ఐ.పి. పెట్టుటకు ముందు సరిదిద్దుకొనవలసినది అచ్చటనే ఉన్నది.

ఇతి శమ్.